అక్కడ ఒరియావాడు, ఇక్కడ తెలుగోడు: సరిహద్దు ఊళ్లలో ఎదిగే పిల్లలతో ఇంట్లో ఏం చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలో ఆంధ్ర హద్దు వైపున్న ఈ ఊళ్లలోని తెలుగిళ్లలో పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికి వాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. బడిలో తోటివాళ్లు "తెలెంగా" (తెలుగోడు) అంటారు. సంక్రాంతికి ఆంధ్రలో సోంపేటో పలాసో వెళ్తే మేనత్త పిల్లలు "ఒరియా తెలుగు మాట్లాడతున్నాడు చూడండి" అని నవ్వుతారు. రెండు చోట్లా వాడు పక్కూరివాడే. "నేనెవరిని, ఎవరివాణ్ణి" అని తేల్చుకునే పని ఈ వయసులో ఏ ఊరి పిల్లలకైనా ఉంటుంది. మన పిల్లలకు దానిమీద ఇంకో వరస బరువు ఎక్కువ.

తల్లిదండ్రులు సాధారణంగా ఆ జవాబు తామే చెప్పేస్తారు: "మనం తెలుగువాళ్లం, అంతే." లేదా "ఇక్కడే బతకాలి, ఒడియావాళ్లలా ఉండు." రెండూ పనిచేయవు. జవాబు వాళ్లే వెతుక్కోవాలి. వెతకడానికి కావలసిన సరుకు, సమయం, ఇంట్లో కాస్త చెవి ఇవ్వగలిగితే చాలు. కింద చెప్పేవన్నీ పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలున్న అమ్మానాన్నలు చేయగలిగిన పనులు.

మొదటి పని: రెండు వారాలు ఊరికే గమనించండి

అడక్కండి, చూడండి. ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారు? స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు మామ్మ పిలిస్తే తెలుగులో పలుకుతున్నారా, ఒడియాలోకి మారిపోతున్నారా? నిరుటి దాకా ఇష్టంగా చేసినది ఏది మానేశారు? చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటే మంచిది. అది వాళ్ల కంట పడకూడదు.

చూసినది అర్థం చేసుకోవడానికి పాతదైనా పనికొచ్చే కొలబద్ద ఒకటి ఉంది. కౌమారంలో మనిషి ముందున్న పెద్ద పని తన గుర్తింపును కట్టుకోవడమేనని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో రాశాడు. 1966లో జేమ్స్ మార్షియా దాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టాడు. వెతికారా? ఒకదానికి కట్టుబడ్డారా? జవాబులను బట్టి పిల్లలు నాలుగు రకాలు. వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అంటే ఏదీ పట్టనట్టు తిరుగుతున్నారని. వెతుకుతున్నారు కానీ ఇంకా తేల్చుకోలేదంటే ఇంట్లో గొడవలు, మూడునెలలకో కొత్త పిచ్చి, నాన్న చెప్పిన ప్రతిదానికీ "ఎందుకు" అనడం. వెతికి ఒక చోట నిలబడ్డవాళ్లు నాలుగోవాళ్లు. మూడోరకం గురించి కాస్త ఆగి చెప్పాలి. వీళ్లు వెతక్కుండానే కట్టుబడినవాళ్లు. నాన్న ఇంజనీరింగ్ అన్నాడు, సరే. అమ్మ ఆ పిల్లతో తిరగొద్దంది, సరే. ఇంటిల్లిపాదీ "బంగారు కొండ" అంటారు. అయితే ఇంటి నీడ దాటి హాస్టల్లో పడ్డాక, తనదని చెప్పుకోగలిగిన అభిప్రాయం ఒక్కటీ లేక తడబడే అవకాశం వీళ్లకే ఎక్కువ. గొడవపడే పిల్ల గురించి కన్నా, ఎప్పుడూ గొడవపడని పిల్ల గురించే ముందు ఆలోచించండి.

ఈ నాలుగూ మెట్లు కావు. చదువు విషయంలో తేల్చుకున్న పిల్లవాడు భాష విషయంలో ఇంకా వెతుకుతూ ఉండొచ్చు. పదహారేళ్లకు తేలకపోతే కంగారు పడనక్కర్లేదు, చాలామందికి ఇరవైలు దాటాకే తేలుతుంది.

రెండో పని: మాట కలిపే తీరు మార్చండి

"ఏటైందిరా?" "ఏటీ లేదు." ఈ సంభాషణ ప్రతి ఇంట్లోనూ రోజూ జరుగుతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇదే జవాబు వస్తుంది. ఎదుటివాళ్లు తనను కళ్లతో తూస్తున్నారన్న భావం ఈ వయసులో చాలా గట్టిగా ఉంటుంది. పక్కపక్కన ఉండి ఏదో పని చేస్తూ మాట్లాడండి: స్కూటర్ మీద ట్యూషన్‌కు దింపుతూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ. పది పదిహేను నిమిషాలు చాలు. బడి నుంచి వచ్చిన అరగంటలో మాత్రం ఏమీ అడక్కండి, అన్నం పెట్టండి.

ప్రశ్న చిన్నదిగా, ఫలానాదాని గురించి అయి ఉండాలి. "బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. "ఇవాళ టిఫిన్ ఎవరి పక్కన తిన్నావు?" అంటే ఒక పేరు వస్తుంది. ఆ పేరు గుర్తుపెట్టుకుని మూడు రోజుల తర్వాత "ఆ పిల్ల జ్వరం తగ్గిందా?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నతో అసలు తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడ చెడేది ఎక్కడంటే, పిల్ల చెప్పిన మాట సాయంత్రానికి పిన్నికి ఫోన్లో చేరిపోవడం. ఒక్కసారి అలా జరిగితే మళ్లీ నెలల తరబడి నోరు విప్పరు. ముందే చెప్పండి: "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం అనిపిస్తే మాత్రం చెప్పాల్సి వస్తుంది, అప్పుడైనా ముందు నీకు చెప్పే చేస్తాను." ఆ మాట నిలబెట్టుకోండి.

మూడో పని: రెండు భాషలకూ ఇంట్లో చోటివ్వండి

పిల్లలు "కాలి పరీక్ష ఉంది నాన్నా" అంటూ ఒడియా ముక్క కలిపి చెప్తారు. రేపు అనే బదులు కాలి. వెంటనే దిద్దకండి. రెండు భాషల్లో పెరిగేవాళ్లు మాటలు కలపడం సహజం, తెలివి తక్కువై కాదు. వాక్యం పూర్తి కానిచ్చి, మీ జవాబులో "రేపా? ఎన్ని గంటలకి?" అనండి. సరైన మాట చెవిన పడుతుంది, సిగ్గుపడే పని ఉండదు. తెలుగులో మాట్లాడకపోతే జరిమానా, దెప్పిపొడుపు లాంటి పద్ధతులు పిల్లలకు తెలుగంటే శిక్ష అన్న గుర్తునే మిగులుస్తాయి.

చదవడం, రాయడం వేరే సంగతి. ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదివే పిల్లలకు తెలుగు అక్షరాలు ఇంట్లోనే రావాలి. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. మొదట ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టించి, తాతయ్యకు రోజూ ఒక్క మెసేజ్ తెలుగు లిపిలో రాయమనండి. తాతయ్యను కూడా ముందే హెచ్చరించండి, తప్పులు ఎత్తిచూపకుండా జవాబివ్వమని.

ఒడియా కూడా బాగా రావాలి. ఇంట్లో పెద్దలు ఒడియావాళ్ల మీద విసుర్లు వేస్తుంటే ఆ దెబ్బ తగిలేది పిల్లలకే, వాళ్ల స్నేహితుల్లో సగంమంది ఆ ఇళ్లవాళ్లే కాబట్టి. పండుగలు కూడా ఇంతే. ఉగాది పచ్చడీ, ఏప్రిల్ మధ్యలో వచ్చే ఒడియావాళ్ల పణా సంక్రాంతికి మారేడు (బేల్) పానకమూ ఒకే ఇంట్లో ఉంటే తప్పేమీ లేదు.

తన ఊరి చరిత్ర తెలియడం గుర్తింపుకు గట్టి ఆసరా. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. అంటే మనవాళ్లలో చాలామంది కదలకుండానే హద్దు కదిలింది. "మీరు ఎక్కణ్ణించి వచ్చారు" అని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి పిల్లలకు ఈ ఒక్క సంగతి చాలు. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి పుట్టింది 1894లో బరంపురంలో, తెలుగింట్లోనే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. పక్కవాళ్ల భాష నేర్చుకున్నంత మాత్రాన ఆయన తెలుగు తక్కువ కాలేదని పిల్లలకు చెప్పండి. పర్లాకిమిడిలో ఉంటే ఒక ఆదివారం మహేంద్రతనయ నది దాటి ఆంధ్రవైపు పాతపట్నం తీసుకెళ్లి రండి. హద్దు ఎంత సన్నటిదో నడిస్తే తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లల చేత ఈ నాలుగు ప్రశ్నలు అడిగించి ఫోన్లో రికార్డు చేయించండి: మీరు ఏ బడిలో ఏ భాషలో చదివారు? పెళ్లిసంబంధం ఎక్కడి నుంచి తెచ్చారు? బజారులో ఏ భాష మాట్లాడేవారు? ఎవరైనా వేరుగా చూశారా, అప్పుడేం చేశారు? చివరి ప్రశ్న తప్పకుండా ఉండాలి.

నాలుగో పని: ఎగతాళిని మూడు రకాలుగా విడదీయండి

అన్ని ఎగతాళులకూ ఒకే మందు లేదు. మొదటిది స్నేహితుల మధ్య చనువు. వాళ్లూ వీళ్లూ ఒకరినొకరు ఏడిపించుకుంటారు, ఇద్దరూ నవ్వుతారు. దాని జోలికి పోకండి. రెండోది ఒకవైపే సాగేది. పిల్లవాడు నవ్వడు గానీ ఎదురు చెప్పలేడు. దీనికి ఇంట్లో సాధన చేయించాలి. జవాబు చిన్నదిగా, మామూలు గొంతుతో, ఒడియాలోనే ఉండాలి: "హఁ, ముఁ తెలుగు. కణ హెలా?" అంటే అవును, తెలుగే, అయితే ఏంటి? అని. చెప్పేసి అక్కణ్ణించి కదిలి వేరేవాళ్లతో మాట కలపాలి. మీరు ఏడిపించేవాడిగా, పిల్లవాడు జవాబిచ్చేవాడిగా ఐదారుసార్లు ఇంట్లో ఆడించండి. తిట్టుకు తిట్టు నేర్పకండి. గొడవ పెరిగితే మాస్టారి కంట పడేది రెండో తిట్టే.

మూడోది రోజూ జరిగేది, గుంపుగా జరిగేది, కొట్టడం, వస్తువులు లాక్కోవడం, ఫోటోలు గ్రూపుల్లో పెట్టడం దాకా వెళ్లేది. దీన్ని పిల్లల మీద వదలకూడదు. తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్లు ఎవరో కాగితం మీద రాయండి. స్క్రీన్‌షాట్లు దాచండి. క్లాస్ టీచర్‌ను బడి అయ్యాక విడిగా కలవండి, తోటి పిల్లల ముందు వద్దు. వారంలో మార్పు లేకపోతే హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు సంతకం తీసుకోండి.

పేరు దగ్గర కూడా చాలా ఏడిపింపు మొదలవుతుంది. ఒడియా పలుకుబడిలో రవి "రబి" అవుతాడు, వెంకట్ "భెంకట్" అవుతాడు. టీచర్ హాజరు పిలిచేటప్పుడు ఇది తప్పు కాదు, వాళ్ల నాలుక అలా తిరుగుతుంది. పిల్ల బాధపడుతోందో, పట్టించుకోవడంలేదో అడిగి తెలుసుకోండి. బాధపడుతుంటే తనే టీచర్‌తో "సార్, నా పేరు ఇలా పలకండి" అని ఒక్కసారి చెప్పొచ్చని ధైర్యం ఇవ్వండి. పట్టించుకోకపోతే మీరు పట్టించుకోకండి.

ఆంధ్రవైపు చుట్టాల ఎగతాళి ఆపాల్సింది మాత్రం మీరే. పిల్లలు అక్కడ అతిథులు, ఎదురు చెప్పలేరు. "వాడికి మూడు భాషలొచ్చు బావా, యాసని నవ్వకండి" అని నలుగురిలోనూ ఒక్కసారి గట్టిగా అనండి. మీరు కూడా కలిసి నవ్వితే పిల్లవాడు మరుసటి ఏడాది పండక్కి రానంటాడు.

ఐదో పని: స్నేహాలను కొలిచే పద్ధతి

గంపెడు స్నేహితులు అక్కర్లేదు. మనసు విప్పి మాట్లాడగలిగిన ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరూ ఎవరో మీకు తెలిసి ఉండాలి, వాళ్లమ్మ ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. స్నేహితులను ఇంటికి పిలిచి అన్నం పెట్టండి. పులుసు, పప్పు చేసి, పక్కన ఒడియావాళ్ల పప్పుకూర దాల్మా కూడా పెడితే ఎవరూ కొత్తగా ఫీలవరు. వచ్చిన పిల్ల కులం ఏమిటని మాత్రం వంటింట్లో కూడా అడక్కండి. మీ పిల్ల విని తీరుతుంది, ఆ పిల్లను మళ్లీ తీసుకురాదు.

"ఆ గుంటడితో తిరగొద్దు" అని నిషేధిస్తే స్నేహం ఆగదు, చాటుకు పోతుంది. అలా కాకుండా చోటూ సమయమూ మీ చేతిలో పెట్టుకోండి. మన ఇంట్లో కలవొచ్చు, రాత్రి ఎనిమిది తర్వాత బయట వద్దు, ముగ్గురు ఒక బండి మీద ఎక్కితే ఆ వారం బండి లేదు. దీనికో కారణముంది. 2005లో మనస్తత్వ పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌లో కారు నడిపే ఆటతో చూశారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పుడు పెద్దవాళ్లకన్నా ఎక్కువ సాహసాలేమీ చేయలేదు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తుంటే మాత్రం ప్రమాదకరమైన పనులు బాగా పెరిగాయి. పిల్లవాడు చెడ్డవాడు కాకపోయినా చుట్టూ ఉన్న చూపులు వాణ్ణి అలా చేయిస్తాయి. తోటివాళ్ల ఒత్తిడిని కాదనే శక్తి 14 నుంచి 18 మధ్య పెరుగుతూ వస్తుంది. తొమ్మిదో తరగతిలో పెట్టిన హద్దులు ప్లస్ టూలో సడలించడం అందుకే న్యాయం.

ఎనిమిదో తరగతి ప్రాంతంలో ప్రాణస్నేహాలు ఒక్క మాటతో తెగుతాయి. "పోనీలే, ఇంకొకరు దొరుకుతారు" అనకండి. రెండు మూడు రోజులు బాధపడనివ్వండి, పక్కన ఉండండి. ఆ అమ్మాయి వాళ్లమ్మకు మీరు ఫోన్ చేయకండి.

ఫోన్ రాత్రి పదికి హాల్లో చార్జింగ్‌కు పెట్టాలి, అందరి ఫోన్లూ, మీది కూడా. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఈ వయసులో ఒంట్లో నిద్ర గడియారం ఆలస్యంగా తిరుగుతుంది కాబట్టి తొందరగా నిద్ర రాదు. గ్రూపు చాటింగులు కూడా తోడైతే నాలుగైదు గంటలే మిగులుతుంది, పగటి కోపాల్లో చాలావాటి మూలం అదే.

ఆడపిల్లల విషయంలో ప్రత్యేకంగా

పెద్దమనిషి ఫంక్షన్ చేయాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారం. చేసినా పిల్లను అడిగి చేయండి. క్లాసులో ఒడియా స్నేహితుల ఇళ్లలో ఈ ఫంక్షన్ ఇలా జరగదు. మండపానికి దారిలో తన ఫోటోతో ఫ్లెక్సీ కడితే, మర్నాడు బడిలో మగపిల్లల నోళ్లలో తన ఒంటి సంగతే నానుతుంది. ఫ్లెక్సీ వద్దు, ఫోటోలు స్టేటస్‌లో వద్దు, పిలుపులు దగ్గరివాళ్లకే. జూన్ నడుమ మూడు రోజుల రజ పండుగలో ఒడియా ఇళ్లలో భూమికి నెలసరి వచ్చిందని ఆడపిల్లలకు పని చెప్పకుండా ఉయ్యాలలు కడతారు. మీ పిల్లను ఆ ఉయ్యాలకు పంపండి. నెలసరి గురించి సిగ్గు లేకుండా మాట్లాడే సందు అక్కడ దొరుకుతుంది.

బావ పేరు చెప్పి "నీ మొగుడొచ్చాడే" అని పన్నెండేళ్ల పిల్లను ఆటపట్టించడం మానేయండి. మేనరికం ఒడియా ఇళ్లలో లేదు. స్నేహితురాళ్లు విని "అన్నయ్యను చేసుకుంటావా?" అని ముఖం చిట్లిస్తే, పిల్ల సమాధానం చెప్పలేక తన ఇంటినే అసహ్యించుకుంటుంది. 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం, ఎవరైనా ఆ మాటెత్తితే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయొచ్చు.

ప్రేమ సంగతి తెలిసినప్పుడు కొట్టడం, చదువు మాన్పించడం ఇంట్లోంచి పారిపోవడానికి దగ్గరి దారులు. ముందు ఆ అబ్బాయి ఎవరో, ఎంత వయసో అడగండి. 18 లోపు శారీరక సంబంధం పోక్సో చట్టం కింద కేసవుతుందని, "ఇష్టపడ్డాం" అన్నా చట్టం వినదని ఇద్దరు పిల్లలకూ తెలియాలి. మగపిల్లవాడి తల్లిదండ్రులు కూడా ఇది ముందే చెప్పాలి.

తొమ్మిది, పది తరగతుల్లో కాగితాల పని

తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్‌లో పడిన పేరే మెట్రిక్ సర్టిఫికెట్ మీద వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక. ఫారం నింపే గుమాస్తా "రావు"నో "కుమార్"నో ఇంటిపేరుగా వేసేస్తే, అన్నదమ్ములిద్దరికీ రెండు ఇంటిపేర్లు అవుతాయి. ఫారం బడిలో ఇచ్చేముందు జనన ధృవపత్రం, ఆధార్, తండ్రి కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తన పేరు ఎలా ఉండాలనుకుంటోందో అడగండి. బతుకంతా మోసేది తనే.

పది అయ్యాక విశాఖకో శ్రీకాకుళానికో ఇంటర్ హాస్టల్‌కు పంపాలనుకుంటే, ఆంధ్రలో స్థానికత (కాలేజీ సీట్లకు లోకల్ హోదా) మామూలుగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివినవాళ్లకు వస్తుందని గుర్తుంచుకోండి. రెండేళ్ల ఇంటర్‌తో అది దొరక్కపోవచ్చు. సీటు కోసమే పంపుతుంటే ముందు ఈ లెక్క చూడండి. భాష, స్నేహితులు, ఇల్లు మూడూ ఒకేసారి మారుతాయి కాబట్టి మొదటి ఆరువారాలు అన్నిటికన్నా కష్టం. వారానికి రెండుసార్లు నిర్ణీత సమయంలో ఫోన్, నెలకో రాక, సొంతూరి పాత స్నేహితులతో మాట్లాడుకునే వీలు ఉండాలి. "అక్కడ ఒడియా మాటలు ఆడకు" అని చెప్పి పంపకండి.

ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

అలగడం, తలుపేసుకోవడం, ఒక పూట తిండి మానడం ఈ వయసులో ఉన్నవే. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి తారుమారై, స్నేహితులందరినీ వదిలేసి, మార్కులు ఒక్కసారిగా పడిపోతే తాత్సారం చేయకండి. ఇష్టమైన వస్తువులు పంచేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు, ఒంటిమీద కోతల గుర్తులు కనిపిస్తే ఆరోజే కదలండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. పురుగుమందులు, మాత్రలు తాళం వేసిపెట్టండి, ఒంటరిగా వదలకండి.

మనసు బాధలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉచితం. తెలుగు కావాలో ఒడియా కావాలో పిల్లనే ఎంచుకోనివ్వండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల కూడా మనసులో బాధ ఒడియాలోనే చెప్పుకోవచ్చు. 2014లో మొదలైన కిశోర ఆరోగ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్లవాళ్లకోసం ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో శ్రద్ధా క్లినిక్‌లు నడుస్తున్నాయి, అక్కడ కౌన్సెలర్‌ను అడగండి. వెళ్లేముందు మీ నోటుపుస్తకంలోంచి మూడు విషయాలు ఒక చీటీ మీద రాసుకోండి: ఎప్పటి నుంచి, ఏం మారింది, ఇంట్లో బడిలో ఈ మధ్య ఏం జరిగింది. గదిలోకి మొదట పిల్లను ఒంటరిగా పంపి, మీరు బయట బెంచీ మీద కూర్చోండి. పిలిచాకే లోపలికి వెళ్లండి.